కీలుగుర్రం ఎక్కిన హీరోయిన్: ఒక పార్కు యాడ్ కేస్ స్టడీ

హోర్డింగులకి, ప్రింట్ యాడ్స్‌కి ఫోటో షూట్లు ప్రొడ్యూస్ చేయడం నా పని. కెమెరా నేను పట్టుకోను. కెమెరాకి ముందూ వెనకా ఉండాల్సినవన్నీ టైముకి ఉండేలా చూస్తాను: డేట్లు, డబ్బు, లాయరు, లైట్లు, ఫ్యాను, ఈ కేసులో అయితే గుర్రం కూడా. పార్కు పేరు, హీరోయిన్ పేరు, ఊరు రాయడం లేదు, గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. ఇది రాయడానికి కారణం ఒకటే. పార్కులు, రిసార్టులు, స్కూళ్ళు, ఎవరు వచ్చినా ఫోన్లో అవే డిస్నీ ఫోటోలు చూపించి "మనకీ ఇలాంటిది కావాలి" అంటున్నారు. అందులో "ఇలాంటిది" అంటే ఏమిటో తేల్చుకోవడమే సగం పని.

నేపథ్యం

క్లయింటుది నగరానికి దూరంగా ఉన్న మధ్యస్థాయి అమ్యూజ్‌మెంట్ పార్కు. నీళ్ళ స్లయిడ్లు, జెయింట్ వీల్, కొన్ని గట్టి రైడ్లు, ఓ మూలన చిన్నపిల్లలు తప్ప ఎవరూ ఎక్కని గుర్రాల రంగులరాట్నం. వాళ్ళకంటే చాలా పెద్ద పార్కులతో పోటీ. వేసవి సెలవులకి ముందు క్యాంపెయిన్ చేయాలి. ఓనరు గారి అమ్మాయి మార్కెటింగ్ చూస్తుంది, బాగా చదువుకున్న పిల్ల, ఆమె రిఫరెన్స్‌గా తెచ్చిన ఆ డిస్నీ ఫోటోలే ఈ కథకి మొదలు.

తెలియనివాళ్ళకి రెండు మాటలు. 2007లో డిస్నీ పార్కుల కోసం యానీ లీబోవిట్జ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఒక సిరీస్ మొదలుపెట్టింది. స్కార్లెట్ జొహాన్సన్ సిండ్రెల్లాగా గాజు చెప్పు వదిలేసి మెట్ల మీద పరుగెత్తుతుంటుంది. డేవిడ్ బెక్‌హామ్ తెల్లగుర్రం మీద కత్తి దూసి ఉంటాడు. బియాన్సే 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' కథలోని ఆలిస్‌గా ఓ పెద్ద టీకప్పులో కూర్చుని ఉంటుంది. తర్వాతి ఏళ్ళలో దీపంలోంచి వచ్చే భూతంగా వూపీ గోల్డ్‌బర్గ్, 'బ్యూటీ అండ్ ది బీస్ట్' కథలోని రాక్షసరూపంలో జెఫ్ బ్రిడ్జెస్, అతనితో డాన్స్ చేసే బెల్‌గా పెనెలొపి క్రూజ్, మాయా అద్దంలో ముఖంగా అలెక్ బాల్డ్విన్, ఇలా చాలామంది వచ్చారు. ఒక్కో ఫోటో చూస్తే పాతకాలపు ఆయిల్ పెయింటింగులా ఉంటుంది.

అడిగింది ఒకటి, కావాల్సింది ఇంకొకటి

అడిగింది: మన హీరోయిన్ సిండ్రెల్లాగా, వెనక కోట, ఆకాశంలో బాణాసంచా.

నేను అడిగిన మొదటి ప్రశ్న, పోయినేడాది హోర్డింగు ఏమైందని. అందులోనూ ఓ నటి ఉంది, నవ్వుతూ బొటనవేలు ఎత్తి. చూసినవాళ్ళకి ఆ అమ్మాయి గుర్తుంది, పార్కు పేరు అడిగితే మాత్రం పోటీవాళ్ళ పేరు చెప్పారట. అంటే డబ్బులు వీళ్ళవి, ప్రచారం పక్కవాడిది. నా లెక్కలో అసలు సమస్య అదే. స్టార్ ముఖానికీ పార్కు గేటుకీ మధ్య దారి లేదు.

అందుకే ఆ డిస్నీ ఫోటోలని మళ్ళీ కూర్చుని చూశాం, ఈసారి గౌనుల కోసం కాదు. బియాన్సే టీకప్పులో ఎందుకుంది? కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో గిరగిరా తిరిగే టీకప్పుల రైడ్ 1955లో పార్కు తెరిచినప్పట్నుంచీ ఉంది కాబట్టి. జాక్ బ్లాక్, విల్ ఫెరెల్, జేసన్ సీగెల్‌ల చేత లిఫ్ట్ అడిగే దెయ్యాల వేషం ఎందుకు వేయించారు? వాళ్ళ దెయ్యాల బంగళా రైడ్‌లో చివర్న మన బండి ఎక్కేసేది ఆ మూడు దెయ్యాలే కాబట్టి. సిండ్రెల్లా కోట ఫ్లోరిడా పార్కులో నిజంగా ఉంది. మీరు టికెట్టు కొంటే ఆ ఫోటోలో ఉన్నదాని దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. స్టార్ ఎంత పెద్దదైనా ఫోటోలో ఆమె చేస్తున్న పని, ఆ పార్కులో మీరు చేయగల పనే. మన క్లయింటు పార్కులో కోట లేదు. ఉన్నది కంచు రంగు వేసిన సింహాల ఫౌంటెన్.

ఇది నేను అప్పుడే చెప్పాను, కానీ మాటలతో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాలని కూడా నేననుకోను. అందుకే హీరోయిన్ అగ్రిమెంటు మీద సంతకం పడకముందే చవకలో ఒక లుక్ టెస్ట్ పెట్టించాను. ఆమె ఎత్తున్న మోడల్‌ని పెట్టి, అద్దె గౌనుతో ఫోటో తీసి, ఓ కోట అతికించి, పార్కు టికెట్టు క్యూలో ఉన్న కుటుంబాలకి ప్రింటవుట్ చూపించి ఊరికే "ఇదేంటి?" అని అడగడం. స్టార్ వచ్చిన తర్వాత చేసే ఏ మార్పైనా దీనికి ఎన్నో రెట్లు ఖర్చు.

మొదటి దారి: గౌను, కోట

పిల్లలు అరిచారు, "ఎల్సా!" అని. నీలం గౌను, తెల్లగా మెరిసే జుట్టుపిన్నులు, అంతే, ఈ కాలం పిల్లలకి అది 'ఫ్రోజెన్' సినిమాలోని ఎల్సానే. తల్లుల్లో ఎక్కువమంది పట్టుచీరల షాపా, డ్రెస్సుల షాపా అన్నారు. ఓ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "కొత్త నగల షాపు ఓపెనింగా బాబూ? ఎక్కడ?" అని అడిగాడు.

నవ్వుకున్నాం గానీ అందులో చాలా విషయముంది. మన రోడ్ల మీద కిరీటం పెట్టుకుని పక్కకి చూస్తున్న హీరోయిన్ కనిపిస్తే అది నగల షాపో బట్టల షాపో అని జనం కళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్నాయి. నువ్వు దాన్ని సిండ్రెల్లా అనుకున్నా కళ్ళు ఒప్పుకోవు. అమెరికాలో ఆ చిక్కు లేదు, అక్కడ నీలం గౌనుకి ఒకటే అర్థం.

లాయరు గారు ఇంకో రాయి వేశారు. సిండ్రెల్లా కథ ఎవరి సొత్తూ కాదు, గాజు చెప్పుతో సహా 1697లోనే పెరో అనే ఫ్రెంచి రచయిత అచ్చేశాడు. కానీ ఆ నీలం గౌను, ముడి, హెయిర్‌బ్యాండు, మెడకి నల్ల రిబ్బను అన్నీ కలిపితే అది 1950 డిస్నీ సినిమా బొమ్మ, ఇంకో థీమ్ పార్కు దాన్ని వాడుకుంటే వాళ్ళు ఊరుకోరు. "కథ తీసుకోండి, వేషం తీసుకోవద్దు" అన్నారు. వేషం తీసేస్తే మిగిలేది గౌను వేసుకున్న అమ్మాయి, అంటే మళ్ళీ నగల షాపు.

కోట సంగతి హీరోయిన్ మేనేజరే తేల్చేశాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక తప్పుదారి పట్టించే యాడ్‌లో నటించినవాళ్ళకి 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు ఏ యాడ్‌లోనూ కనిపించకుండా నిషేధించొచ్చు కూడా. ముందే వాకబు చేసుకున్నామని చూపించగలిగితేనే బయటపడతారు. అందుకని అతను నేరుగా, "అన్నా, కోట పార్కులో ఉందా? లేకపోతే మేడమ్ వెనక పెట్టొద్దు" అన్నాడు. మేనేజర్ల గురించి మా ఫీల్డులో అందరూ విసుక్కుంటారు, నేనూ విసుక్కుంటాను, కానీ ఆ రోజు మా వాదన అతనే గెలిపించాడు.

రెండో దారి: అన్నీ ఒకే ఫ్రేములో

కోట లేకపోతే పార్కే పెడదాం అన్నారు ఓనరు గారు. జెయింట్ వీల్, స్లయిడ్లు, వేవ్ పూల్, ఫౌంటెన్ సింహాలు, మధ్యలో రాకుమారి. ఆయన కోణంలో న్యాయమే, ఒక్కో రైడ్‌కి లోను కట్టాడు, ఏది వదలమంటాం? నేను వాదించలేదు. రఫ్ లేఅవుట్ చేయించి, చిన్న ప్రింట్ తీసి, గదికి ఆ చివర గోడకి అంటించి, ఆయన్ని తలుపు తెరిచి చూసి వెంటనే మూసేయమన్నాను. హైవే మీద కారులో పోయేవాడికి దొరికేది అంతకంటే ఎక్కువ ఏమీ ఉండదు. ఏం కనిపించిందంటే, "అమ్మాయి... వెనక ఏదో రద్దీ" అన్నారు. ఆ లేఅవుట్ అక్కడితో ఆగిపోయింది.

గుర్రం ఎలా వచ్చింది

అప్పుడు ప్రశ్న తిప్పాం. మనవాళ్ళకి తెలిసిన ఏ కథ ఈ పార్కులో ఇప్పటికే ఉంది? పార్కంతా నడిచి చూడటానికి ఓ రోజు పెట్టుకున్నాం, లైట్లెక్కడ, కరెంటు ఎక్కడ అనే లెక్కలు కూడా అవుతాయని. ఆర్ట్ డైరెక్టరు పాత చందమామలు తిరగేస్తూ పెరిగిన మనిషి. వడ్డాది పాపయ్య గారి అట్టమీది బొమ్మలంటే ప్రాణం. రంగులరాట్నం దగ్గర ఆగి, ఎవరూ ఎక్కని ఓ గుర్రం మీద చెయ్యేసి, "ఇది కీలుగుర్రం కదండీ" అన్నాడు.

చెవి దగ్గర కీలు తిప్పితే ఆకాశంలోకి లేచే చెక్కగుర్రం, దాని మీద ఎగిరిపోయే రాకుమారుడు, వెనక మాంత్రికుడు. అమ్మమ్మల దగ్గర విన్నవాళ్ళున్నారు, సినిమాల్లో చూసినవాళ్ళున్నారు. ఆ పేరుతోనే 1949లో సినిమా ఉంది కాబట్టి లాయరు గారిని మళ్ళీ అడిగాం. ఎగిరే గుర్రం ఊహ అరేబియన్ రాత్రుల కథల్లోనూ ఉంది, దానికి ఎవరూ హక్కుదారు కాదు, ఆ సినిమా వేషధారణ, సన్నివేశాలు మాత్రం ముట్టుకోవద్దన్నారు. కథ మనది, రైడ్ వాళ్ళది, ఇంతకుముందు ఎవరూ పట్టించుకోని రైడ్. ఫోటోలో ఉన్న గుర్రమే పార్కులో ఉంటుంది. మేనేజరుకీ అభ్యంతరం లేదు.

రాకుమారుడి బదులు గుర్రం మీద హీరోయిన్. కిరీటం లేదు, బరువు నగలు లేవు, ఆ విషయంలో కాస్ట్యూమ్ డిజైనర్‌తో గట్టి వాదనే అయింది. ఎందుకంటే మెడలో ఒక్క హారం పడినా ఆ క్యూలో పెద్దాయన మళ్ళీ షాపు అడ్రసు అడుగుతాడు. గుర్రపుస్వారీకి పనికొచ్చే ముదురు ఎరుపు దుస్తులు, పొడవాటి పసుపు ఉత్తరీయం.

వెనక గుర్రం తోక పట్టుకుని వేలాడే మాంత్రికుడిగా ఒక సీనియర్ కమెడియన్. ఇది నా పట్టుదల. డిస్నీ సిరీస్‌లో నాకు బాగా నచ్చేవి రాకుమార్తెలున్నవి కావు, హాస్యనటులున్నవి. అందంగా ఉన్న ముఖాన్ని జనం చూసి వదిలేస్తారు, ఇబ్బందిలో ఉన్న ముఖాన్ని ఆగి చూస్తారు. ఓనరు గారి శ్రీమతికి గాజు చెప్పు పోయిందని కొంచెం బాధగా ఉంటే, సరే, చెప్పు ఉంచుదాం, మాంత్రికుడి కాలి నుంచి జారి పడుతున్నట్టు పెడదాం అన్నాం. ఆమె ఒప్పుకోవడమే కాదు, ఆ చెప్పు రంగు కూడా ఆమే చెప్పింది.

షూట్

ముందు పార్కులో బ్యాక్‌గ్రౌండ్ తీశాం, హీరోయిన్ లేకుండా. ఈ వరుస ముఖ్యం. స్టూడియోలో స్టార్‌ని తీసేసి తర్వాత వెనక ఏదో పెట్టుకుందాం అనుకుంటే లైటు ఎప్పటికీ కలవదు, ఫోటోని కంప్యూటర్లో దిద్దే రీటచర్ ఎంత మంచివాడైనా అతికించినట్టే ఉంటుంది. పొద్దు కుంకాక, ఆకాశం ఇంకా నీలంగా ఉండి, రంగులరాట్నం బల్బులు పసుపుగా వెలిగే ఆ కొద్ది నిమిషాల్లోనే తీయాలి. షటర్ నెమ్మదిగా పెట్టి రాట్నాన్ని తిప్పితే బల్బులు గీతల్లా సాగాయి. తర్వాత రాట్నాన్ని ఆపి, ఒక గుర్రాన్ని బోల్టులు విప్పి తీసేసి, ఖాళీ కడ్డీ మాత్రం మిగిలిన చోటుని విడిగా ఇంకో షాట్ తీశాం. ఫోటోలో ఆ ఖాళీ కనిపించాలి. అది కనిపిస్తేనే గుర్రం అక్కణ్ణుంచే లేచిపోయిందని తెలుస్తుంది. కెమెరా ఎత్తు, లెన్స్, దూరం, బల్బులు ఏ వైపు నుంచి పడుతున్నాయి, అన్నీ కాగితం మీద.

విప్పిన గుర్రాన్నే స్టూడియోకి తెచ్చాం. కొత్తగా బంగారు రంగు వేయిద్దామన్నారు ఓనరు గారు, వద్దన్నాను. రేపు పిల్లాడు వచ్చి వెతుక్కునేది దీన్నే, వాడికి ఇదే దొరకాలి. తుడిచి, పెచ్చులూడిన చోట అదే రంగు అద్దించి వదిలేశాం.

హీరోయిన్ కాల్‌షీట్ పూటే, అందులో మేకప్, జుట్టు పోతే మిగిలేది చాలా తక్కువ. కాబట్టి ముందు రోజు సాయంత్రమే డూప్‌ని అవే బట్టల్లో గుర్రం మీద కూర్చోబెట్టి లైటింగ్ అంతా పూర్తిచేశాం. ఒక వైపు నుంచి పెద్ద సాఫ్ట్‌బాక్స్, అంటే వెలుగుని మెత్తగా పరిచే తెల్లగుడ్డ పెట్టె, ఆకాశం నీలానికి సరిపోయేలా. కింద నుంచి, రాట్నం ఉన్న దిక్కు నుంచి, నారింజ జెల్ (రంగు కాగితం లాంటి పొర) వేసిన లైట్లు. వాటి పక్కన నిజమైన బల్బుల వరుస ఒకటి, కళ్ళలో ఆ చుక్కలు మెరవడానికి. ఆ చుక్కలు లేకుండా తీసిన టెస్ట్ షాట్ ఎందుకో చచ్చుగా ఉండేది.

ఇక్కడ ఒక పేచీ వచ్చింది. ఎగిరే గుర్రమంటే కింద నుంచి చూడాలి, కింద నుంచి తీస్తే గడ్డం బాగా రాదు, మేనేజరు ససేమిరా అన్నాడు. కెమెరా పైకి పెడితే గుర్రం ఎగురుతున్నట్టుండదు. ఫోటోగ్రాఫర్ గుర్రాన్నే కెమెరా వైపు పక్కకి వాల్చాడు, మలుపులో బైకు వాలినట్టు. దాంతో రాట్నం కిందే ఉంది, ముఖం మాత్రం కెమెరాకి ఎదురుగా వచ్చింది, వేగం కూడా వచ్చింది. వాలిన గుర్రం కాబట్టి బట్టల కింద హార్నెస్ (పడిపోకుండా కట్టే బెల్టులు), కింద పరుపులు, స్టాండుకి రెండు వైపులా మనుషులు. ఇది లేకుండా ఎవరూ ప్రయత్నించకండి.

గుర్రమెక్కాక హీరోయిన్ ఒక ప్రశ్న అడిగింది: "దీన్ని నేను నడుపుతున్నానా, ఇది నన్ను ఎత్తుకుపోతోందా?" ఫోటో షూట్‌లో ఇంత పనికొచ్చే ప్రశ్న చాలా తక్కువగా వింటాం. ఆర్ట్ డైరెక్టరు చెప్పాడు, కథలో పైకి లేపే కీలు మాత్రమే తెలుస్తుంది మేడమ్, దింపే కీలు ఎక్కడుందో ఇంకా తెలీదు అని. ఆమె ముఖంలో సంబరం, దాని కింద కాస్త కంగారు, అప్పటిదాకా వచ్చిన నవ్వులన్నీ పక్కన పడేసేంత తేడా. హోర్డింగు మీది మాట కూడా అక్కణ్ణుంచే పుట్టింది: "ఎక్కడం తేలిక. దిగాలనిపించదు."

కమెడియన్‌ని వేరే రోజు తీశాం, డేట్లు కలవక. మొదట నేల మీద నిలబడి తోక పట్టుకున్నట్టు నటించారు. ముఖం అద్భుతం, చేతులు అబద్ధం. వేలాడే మనిషికి భుజాలు చెవుల దాకా లేస్తాయి, మెడ నరాలు తేలతాయి, అవి నటిస్తే రావు. చివరికి హార్నెస్ కట్టి కొంచెం బరువు నిజంగానే చేతుల మీద పడేలా ఇనప కడ్డీకి వేలాడదీశాం, తోకని తర్వాత దాని స్థానంలో పెట్టాం. పాపం పెద్దాయన, నవ్వుతూనే తిట్టారు.

రీటచింగ్‌లో ఒక్క విషయమే చెప్తాను. మొదటి వెర్షన్‌లో హీరోయిన్ చర్మం పింగాణీలా నున్నగా చేసేశారు. ఫోన్లో బాగుంది, కానీ చీకటిపూట తీసిన బ్యాక్‌గ్రౌండ్‌లో కొంత గరుకు ఉంటుంది కదా, ఆమె మాత్రం వేరే ఫోటోలోంచి వచ్చినట్టుంది. నునుపు తగ్గించి, మొత్తం బొమ్మ మీద ఒకటే గ్రెయిన్, అంటే ఆ సన్నటి గరుకు, వేస్తే అందరూ ఒకే గాలిలో ఉన్నట్టయింది. మేనేజరు ఆమోదం ముఖం వరకే అని అగ్రిమెంటులో రాసుకోవడం వల్ల ఇది రెండు రౌండ్లలో తెమిలింది.

బయటికెళ్ళాక

మంచి సైటు దొరికిన హోర్డింగుల్లో గుర్రం తలని బోర్డు అంచు దాటించి కటౌట్‌గా పెట్టాం. కటౌట్ మన జనానికి కొత్తేం కాదు, కానీ ఇక్కడ దానికో పని ఉంది, గుర్రం నిజంగా బయటికి దూకుతోంది. ఆర్టీసీ బస్సుల వెనక భాగానికి మాత్రం అడ్డ ఫోటో సరిపోలేదు, అక్కడ మాంత్రికుడు, తోక, జారిన చెప్పు ఇంతే వాడాం, హీరోయిన్ లేదు. ముందు భయపడ్డారు. కానీ బస్సు వెనక ఇరుక్కున్నవాడికి చూడ్డానికి టైముంటుంది, "ఈయన దేన్ని పట్టుకుని వేలాడుతున్నాడు?" అని అనిపిస్తే చాలు.

టికెట్ల లెక్క గురించి అడుగుతారు. వేసవిలో ఏ పార్కుకైనా జనం పెరుగుతారు, అందులో ఫోటో వాటా ఎంతో విడదీసే మార్గం మా దగ్గర లేదు, కాబట్టి ఆ గొప్ప చెప్పుకోను. కౌంటర్ వాళ్ళు చెప్పింది మాత్రం నమ్ముతాను: జనం వచ్చి హీరోయిన్ గురించి కాకుండా "ఆ గుర్రం ఎక్కడ?" అని అడిగారు. ఎవరూ ఎక్కని రాట్నానికి క్యూ వచ్చింది. దాంతో కొత్త తలనొప్పి, అందరికీ ఆ ఒక్క గుర్రమే కావాలి, పిల్లల మధ్య కొట్లాటలు, తల్లిదండ్రుల మధ్య కూడా. గుర్రాలన్నిటికీ అదే రంగు వేసేద్దామన్నారు ఓనరు గారు. అలా చేస్తే వెతుక్కునే సరదా పోతుందని ఆపి, ప్రతి రౌండుకి ముందు ఆ గుర్రం దగ్గర ఫోటోకి కొంచెం టైమిచ్చే పద్ధతి పెట్టించాం.

ఇప్పుడు ఇలాంటి పని వస్తే

రిఫరెన్స్ ఫోటో చూపించినవాళ్ళని నేను మొదట పార్కు మ్యాప్ అడుగుతున్నాను. ఫోటోలోని వస్తువు ఆ మ్యాపులో వేలుపెట్టి చూపించలేకపోతే ఆ కథ వదిలేయమంటాను, ఎంత అందంగా ఉన్నా సరే. వేషం కంటే ముందు కథలో ఏ క్షణమో అడుగుతాను. సిండ్రెల్లా ఫోటోలో పనిచేసింది కూడా గౌను కాదు, పన్నెండు కొట్టాక ఆ పరుగు.

ఇంకోటి పూర్తిగా డబ్బు విషయం. స్టార్ ఫోటో హక్కులు ఈ కేసులో ఏడాదికే. గడువు అయ్యాక ఒక్క ఫ్లెక్స్ మిగిలినా నోటీసు వస్తుంది. అందుకే షూట్ రోజునే గుర్రం ఒక్కదాన్నీ, అదే లైటింగ్‌లో, మనిషి లేకుండా తీయించి ఆ ఫ్రేములు క్లయింటు సొంతమని రాయించాను. ఏడాది తర్వాత హీరోయిన్ రేటు పెరిగింది, కొనసాగించలేదు. ఎవరో వాళ్ళకి అదే ఒంటి మీద ఇంకో నటి ముఖం పెట్టేయమని సలహా ఇచ్చారు. అది నేను చేయనని చెప్పాను. ఇద్దరు నటుల లాయర్లతో ఒకేసారి మాట్లాడే ఓపిక నాకు లేదు. ఖాళీ జీనుతో ఉన్న గుర్రమే రెండో ఏడు హోర్డింగెక్కింది, కింద "ఈసారి ఎవరు?" అని.

ఇప్పుడు నీళ్ళ స్లయిడ్‌కి కూడా ఒక కథ కావాలంటున్నారు. నాగలోకం అనుకుంటున్నాం. ఆర్ట్ డైరెక్టరు ఇప్పటికే బొమ్మలు వేసేశాడు, నేను మాత్రం నీళ్ళలో జుట్టు, మేకప్, కరెంటు వైర్ల లెక్క తేలేదాకా ఎవరి డేట్లూ అడగలేదు.